అందింది, ధన్యవాదాలు

కూర్చున్న బావకి వాన నీళ్లు నడుము దాకా వచ్చాయి.

లేవడానికి లేదు. ఇనుప బీరువా అతని కాలి మీద పడి గంటయింది.

తలుపు అవతల విరిగిపడ్డ కొండచరియ. ఆ రేడియో గదికి కిటికీ లేదు. ఫోన్ టవర్ కూడా ఇదే కొండమీద ఉండేది. ఇప్పుడు లేదు.

"పంపావా?" అన్నాడు.

"ఏడోసారి," అంది మరదలు.

"ఏమన్నారు?"

ఆమె లాప్‌టాప్ అతని వైపు తిప్పింది. తెరమీద ఏడు జవాబులు. ఏడూ ఒకటే.

'మీ సందేశం అందింది. ధన్యవాదాలు.'

"మరి వస్తున్నారుగా?"

"అది మనిషి ఇచ్చిన జవాబు కాదు బావా. నా ప్రోగ్రామ్ ఇచ్చింది."

ఔత్సాహిక రేడియో సంఘం కోసం ఆ ప్రోగ్రామ్ రాసింది ఆమే. రేడియోలో వచ్చే సందేశాలను మనిషితో పనిలేకుండా అందుకుని, జవాబిచ్చి, ముందుకు పంపుతుంది. రెండు వారాలుగా పరీక్షలు జరుగుతున్నాయి. ఒకరోజు ఉత్తుత్తి వరద. ఇంకోరోజు ఉత్తుత్తి మంటలు.

ఎవరూ కంగారుపడకూడదని, వెళ్లే ప్రతి సందేశం నెత్తిన 'పరీక్ష' అన్న మాట తనంతట తానే పడేలా రాసింది. ఆ మాట కనబడితే చాలు, అవతలి స్టేషన్లో కంప్యూటర్ ధన్యవాదాలు చెప్పి సందేశాన్ని పక్కన పడేస్తుంది. మనిషికి చూపించదు.

"ఆ మాట తీసేయ్."

"పొరపాటున ఎవరూ తీయకుండా తాళం పెట్టాను. ఆఫీసు నుంచే తీయాలి."

"మైకులో అరిచి చెప్పు."

"మైకు లేదు. మనిషి ఉండని గదికి మైకెందుకని నేనే పీకించాను."

యాంటెన్నా బిగించడానికి సాయం వచ్చిన బావ ఆమెను ఎగాదిగా చూశాడు.

"మీ అక్క నిన్ను మేధావి అంటుంది. బతికి బయటపడితే దానితో మాట్లాడాలి."

నీళ్లు పక్కటెముకలకు తగిలాయి.

"ఆ మూల ఎర్ర అంకె ఏంటి? ఇందాక రెండు. ఇప్పుడు ఆరు."

"నేను ఆపేసిన స్టేషన్ నుంచి వచ్చిన సందేశాలవి. ఇక్కడ తెరవడానికి ఉండదు."

"ఎవరిదది?"

"సందేహాల తాతది."

ఆ పేరు పెట్టింది ఆమే. ముఖం చూడలేదు. ఆమె ప్రోగ్రామ్ పెట్టుకోనన్న ఒకే ఒక్క మనిషి. ప్రతి సందేశం తనే చదివి, తనే జవాబిచ్చేవాడు. ఉత్తుత్తి వరదకి కూడా అడిగేవాడు: 'పిల్లలున్నారా? దెబ్బలు ఎవరికి? తాగే నీళ్లున్నాయా?' పరీక్షేనని ఎన్నిసార్లు చెప్పినా మానలేదు. ఫలితాలు పాడవుతున్నాయని ఆయన స్టేషన్‌ను ఆపేసింది.

"అంటే ఒక్కడు చదివాడు," అన్నాడు బావ. "విన్నామని ఆయనకి రెండు ముక్కలు పంపు."

"బ్యాటరీ ఇంకొక్కసారికే వస్తుంది. ఒంటరి ముసలాయన ఏం చేస్తాడు? పెద్ద స్టేషన్‌కి పంపుతాను. అక్కడ ఇరవై మంది ఉంటారు."

పంపింది.

'మీ సందేశం అందింది. ధన్యవాదాలు.'

ఆ తర్వాత రేడియో సెట్టుకి పంపే శక్తి పోయింది. వినే శక్తి మాత్రం మిగిలింది.

ఎర్ర అంకె పెరుగుతూనే ఉంది. పదిహేను. ఇరవై ఎనిమిది.

"మొండి ఘటం," అన్నాడు బావ, పళ్లు టకటకలాడుతుంటే.

నలభై ఒకటి దగ్గర అంకె ఆగింది.

ఇద్దరూ చాలాసేపు చూశారు. అంకె కదల్లేదు.

"ఆయనా విసిగిపోయాడు," అంది.

నీళ్లు బావ గడ్డాన్ని తాకాయి. ఆమె అతని తలను రెండు చేతులతో పైకెత్తి పట్టుకుంది. ఆమె చేతులు లాగేస్తున్నాయి.

అప్పుడు వినబడింది, పారల చప్పుడు.

తలుపు పగలగొట్టింది రోడ్డు పనుల ముఠా. ముందుగా లోపలికి దూకింది వాళ్ల మేస్త్రి, బురద బూట్లావిడ.

"ఇద్దరేగా? నాన్న చెప్పిన లెక్క సరిపోయింది."

"నాన్నా?"

"మా లారీలో ఆయన పెట్టించిన సెట్టుంది. నేను బయల్దేరేదాకా దాంట్లో నా ప్రాణం తోడేశాడు. అందరూ అది పరీక్షంటున్నారు నాన్నా అన్నాను. అయితే పోయి చూసి రా, లేకపోతే నన్ను తిట్టుకో అన్నాడు."

మరదలు బావ ముఖంలోకి చూడలేదు.

మూడు రోజుల తర్వాత చంకకర్రలతో బావ, పళ్లబుట్టతో మరదలు తాత ఇంటికి వెళ్లారు.

"ముందు కాళ్ల మీద పడు. పళ్ల సంగతి తర్వాత," అన్నాడు బావ దారిలో.

మేస్త్రి తలుపు తీసింది. బుట్ట వైపు చూసి లోపలికి నడిచింది.

ఖాళీ మంచం. ఒక పక్క ఆక్సిజన్ మిషన్. ఇంకో పక్క పాత రేడియో సెట్టు. కింద ఒక్కటే బ్యాటరీ. దాని తీగలు సెట్టుకి ఉన్నాయి.

"ఆ రోజు కరెంటు పోయింది," అంది మేస్త్రి. "మిషన్‌కి పెట్టుకుంటే నేనొచ్చేదాకా సరిపోయేది. సెట్టుకి పెట్టుకున్నాడు."

బావ బ్యాటరీ వైపు చూశాడు. "మీకు చెప్పేశాక... మార్చుకుని ఉండొచ్చుగా?"

"ఓడరేవు స్టేషన్లో ముప్పై ఏళ్లు కూర్చున్న మనిషి. అవతలివాళ్లు విన్నామని చెప్పందే సెట్టు కట్టేయడు. ఎంత చెప్పినా అంతే."

ఆమె ఒక నోటు పుస్తకం తెరిచింది. నలభై ఒక్క వరుసలు. అన్నిట్లో ఒకటే రాత. చివరికొచ్చేసరికి అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

'మా అమ్మాయి బయల్దేరింది. ధైర్యంగా ఉండండి. విన్నామని ఒక్క మాట చెప్పండి.'

"మీ సెట్టు బాగానే ఉందిగా," అంది మేస్త్రి. "మరి ఒక్కటి కూడా మీదాకా రాకుండా ఎవరు ఆపారు?"

"అదీ... కంప్యూటర్‌లో ఏదో తేడా..." అన్నాడు బావ.

"కంప్యూటర్ కాదు బావా."

మరదలు బుట్ట నేలమీద పెట్టింది.

"నేనే ఆపాను అక్కా."