గోడవతల జామచెట్టు

రంపం కొమ్మలోకి దిగిన మొదటి చప్పుడుకే పెద్దకోడలికి ప్రాణం హాయిగా అనిపించింది.

"మెల్లిగా! ఎవరైనా వింటారు," అన్నాడు భర్త గోడకి ఇవతల నుంచి.

"విననివ్వండి. వీధంతా వినాలనే కోస్తున్నాను."

"ఎంతైనా అది వాళ్ళ చెట్టు కదా..."

ఆమె రంపం ఆపి కిందికి చూసింది.

"ఎవరి చెట్టు? మా అమ్మ తడిగుడ్డలో చుట్టి ఇచ్చిన మొక్క అది. నాటింది నేను. నీళ్ళు మోసింది నేను. మీ అన్నదమ్ములిద్దరూ ఇల్లు పంచుకుని, మధ్యలో గోడ లేపి, నా చెట్టుని అటు వదిలేశారు. అప్పుడు నోరు మెదిపారా? ఇప్పుడూ మెదపకండి."

గోడెక్కడానికి ఆమె వేసుకున్న స్టూలు పట్టుకుని ఆయన అలాగే నిలబడ్డాడు. ఇంటి గొడవల్లో ఆయనకి ఎప్పుడూ అలాంటి ఉద్యోగమే దొరుకుతుంది.

గోడ లేచిన నాటి నుంచీ తోడికోడళ్ళ మధ్య మాటల్లేవు. ఉలుకూ పలుకూ లేకుండా ఏళ్ళు గడిచిపోయాయి. అలాంటిది ఈ నెల్లాళ్ళుగా చిన్నకోడలికి ఏం పుట్టిందో ఏమో, పొద్దున లేస్తే ఆ చెట్టు కింద నిలబడి అందుకునేది.

"ఏం చెట్టో ఇది! గంపెడు ఆకులే గాని ఒక్క కాయ లేదు. పుట్టింటి సరుకు మరి. ఆ ఇంటివాళ్ళంతా అంతే, గుబురెక్కువ, కాపు తక్కువ!"

తనని ఎన్ని అన్నా పెద్దకోడలు పడేది. కన్నుమూసిన తల్లిని కూడా కలిపి అనేసరికి కడుపు రగిలిపోయింది. అయినా పళ్ళు బిగించి కుట్టుమిషను తొక్కుకుంటూ కూర్చుంది. చివరికి మొన్న మొగుణ్ణి వెంటేసుకుని పుట్టింటికి బయల్దేరుతూ ఆ మహాతల్లి తన నీలం గేటు దగ్గర ఆగి మరీ హెచ్చరించింది.

"అక్కా! నేను లేనప్పుడు నా చెట్టు మీద చెయ్యి పడిందంటే మర్యాద దక్కదు!"

ఆ మాటతోనే పెద్దకోడలి చేతులు దురద పెట్టాయి.

గోడ అవతలికి దిగేసరికి నిచ్చెన చెట్టుకే ఆనించి ఉంది. 'ఒళ్ళు బద్ధకం మనిషి, లోపల పెట్టుకోదు' అని తిట్టుకుంటూ ఎక్కింది.

నాది కానిది దానికీ దక్కకూడదు. ఆమె అనుకున్నది అంతే. నడుమ నిలువునా లేచిన కొమ్మని కోసింది, ఇది మా అమ్మని అన్నందుకు. ఒకదానికొకటి పెనవేసుకున్న కొమ్మలు తీసేసింది, ఇది ఇల్లు చీల్చినందుకు. ఎన్ని కోసినా కసి తీరలేదు. ఎండుపుల్లలూ, గుబురూ, మొదలు దగ్గర మొలిచిన పిలకలూ అన్నీ నేలకొరిగాయి. కాకపోతే బట్టలు కుట్టే చెయ్యి. ఎంత కోపంలో ఉన్నా కోత వంకర పోతే చూడలేదు. ప్రతి కొమ్మనీ ముందు అడుగున కాస్త గాటు పెట్టి, బెరడు చీలకుండా నున్నగా కోసింది. మోడు దాకా నరికేద్దామనుకుంది గాని, నాలుగు వైపులా నాలుగు మొండి కొమ్మలు మాత్రం ఉంచింది. రోజూ వాటిని చూసి ఏడవాలి కదా!

చిన్నకోడలు తిరిగొచ్చి ఏడ్చింది కూడా.

"నా చెట్టు గొంతు కోశారమ్మో! ఆ చేతులు పడిపోను!"

ఇవతల పెద్దకోడలు ఆ శోకాలు వింటూ ఒక గౌను మొత్తం కుట్టేసింది. ఒక్క కుట్టు తప్పలేదు. ఆ పూట అన్నం కూడా రెండు ముద్దలు ఎక్కువే తిన్నది.

వానలు పడ్డాయి. మొండి కొమ్మలకి ఎర్రటి చిగుళ్ళొచ్చాయి. చిగుళ్ళకి పూలు, పూలకి పిందెలు. వానలు వెనకబట్టేసరికి గోడ మీదుగా కాయలు, గుత్తులు గుత్తులు. పెద్దకోడలు ఆ వైపు కిటికీ మూసేసింది.

చిన్నకోడలు బుట్ట చంకనెత్తుకుని వీధంతా పంచింది. ఈ ఒక్క గుమ్మం మాత్రం దాటిపోయింది. జాకెట్లు ఇవ్వడానికొచ్చిన ఎదురింటావిడే ఒక కాయ చేతిలో పెట్టి, "తిని చూడండి, తేనె!" అంది.

కొరికింది. తల్లి పెరట్లో తిన్న రుచే. కళ్ళు చెమర్చాయి. ఆ వెంటనే, ఈ రుచి ఊరందరికీ పంచి తనకొక్కదానికే లేకుండా చేసిందన్న మంట గొంతు దాకా ఎగదన్నింది. సంచీ తీసుకుని, చెప్పులేసుకుని, మొక్కలమ్మే అతని దగ్గరికి నడిచింది.

"వేళ్ళతో సహా చెట్టు చచ్చే మందు ఉందా?"

"ఏ చెట్టమ్మా?"

"జామ."

"కాయడం లేదా?"

"కాస్తోంది. అదే నా బాధ."

అతను వేళాకోళమనుకుని నవ్వాడు. "కాసే చెట్టుని ఎవరైనా చంపుకుంటారా? అవతలి వీధిలో నీలం గేటు ఇంటావిడని చూడండి, కాయని జామని ఎలా దారికి తెచ్చుకుందో!"

నీలం గేటు. తోడికోడలి ఇల్లే. "ఏం చేసిందట?"

"పోయిన ఏడు వచ్చి అడిగిందమ్మా. చెట్టు గుబురెక్కింది, పెద్ద కొమ్మలు తీసేసి నడుమకి ఎండ దూరనివ్వు, జామ కొత్త చిగురుకే కాస్తుంది అన్నాను. తనకి చెట్టెక్కాలంటే కళ్ళు తిరుగుతాయట. కూలివాళ్ళని పెడితే బెరడు చీల్చి పాడుచేస్తారని దిగులు. మొన్న సంచీడు కాయలు తెచ్చిచ్చింది. ఇంత శుభ్రంగా ఎవరిచేత కోయించారమ్మా అని అడిగాను."

"ఏమంది?"

"అక్కకి కోపం తెప్పించానంది."