వీసమెత్తు తేడా

“1/2 పెద్దదా, 7/16 పెద్దదా? తొందరేం లేదు, ఆలోచించి చెప్పరా.”

ఆంజి ఇనుప రేకు మీద సుద్దతో రాసిన అంకెల వైపు చూశాడు. ఇందులో ఆలోచించడానికేముంది?

“రెండోదే సార్. ఒకటి కంటే ఏడు పెద్దది, రెండు కంటే పదహారు పెద్దది.”

ఫోర్‌మన్ కుక్కుటేశ్వరరావు తల పట్టుకున్నాడు. అయినా కసురుకోలేదు. అరబ్బు దేశంలో, అమ్ఘరాలోని ఆ పాత ఇనుము యార్డులో ఆయన నోటికి జడవనివాడు లేడు. అలాంటి మనిషి ఈ వారమంతా మధ్యాహ్నం కునుకు మానుకుని మరీ ఆంజికి లెక్కలు చెబుతున్నాడు.

“అలా అనుకునే కదరా ఆవేళ ఆ షాకిలు తగిలించావు,” అన్నాడు మెల్లగా.

ఆంజి తల వంచుకున్నాడు. ఆవేళ పాత ఇంజనొకటి క్రేనుతో ఎత్తాలి. ఎప్పుడూ షాకిలు వేసేవాడు పనిలోకి రాలేదు. “ఉన్నవాటిలో పెద్దది వెయ్యరా” అని క్యాబిన్‌లోంచి కేకేశాడు ఫోర్‌మన్. ఇనుము కోయడం తప్ప మరో పని తెలియని ఆంజి పెట్టెలో వెతికాడు. గొలుసును క్రేను కొక్కేనికి కలిపే ఆ ఇనుప కడియాలు రెండు చేతికొచ్చాయి. మడ్డి పట్టి చూపుకు రెండూ ఒకేలా ఉన్నాయి. ఒకదాని మీద 1/2 అనీ, రెండోదాని మీద 7/16 అనీ అచ్చు పోసి ఉంది. పెద్ద అంకెలున్నది తగిలించాడు. ఇంజను గాల్లోకి లేచాక అది తెగింది. కింద నిలబడి క్రేనుకు సైగలు చేస్తున్న అబ్దుల్ బాసిత్ మళ్లీ లేవలేదు. రాయచోటివాడు, ఆంజి పక్క మంచం వాడు.

రేపు విచారణకు అధికారి వస్తున్నాడు.

“నాకేం తెల్దని చెప్తే కాదా సార్? సదువు రాదు, షాకిలు సంగతి ఎవురూ చెప్పలేదు అంటా.”

“ఆ మాట పొరపాటున కూడా నోట్లోంచి రానివ్వకు. పని రానివాణ్ణని నువ్వే ఒప్పుకుంటే, ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కాగితం కొట్టేసి విమానం ఎక్కించేస్తారు. పెళ్లాం ఇక్కడ, నువ్వక్కడ. అదేనా నీక్కావలసింది?”

అదొక్కటే ఆంజి తట్టుకోలేనిది. వెంకటేశ్వరి హవల్లీలో ఒకరింట్లో పనిచేస్తోంది. శుక్రవారం ఆ ఇంటి యజమానురాలు, ఆమె ‘మామా’ అని పిలిచే మనిషి, కాసేపు వదిలితే, మొగుడూ పెళ్లాం ఆ వీధి చివర నిలబడి మాట్లాడుకుంటారు. ఆ కాసేపటి కోసమే అతను మిగతా వారమంతా ఇనుము కోస్తాడు.

“చెప్పండి సార్, నేర్చుకుంటా.”

కుక్కుటేశ్వరరావు గుండ్రటి ఖుబ్జు రొట్టె ఒకటి తీసి చేతికిచ్చాడు. “రెండు చెయ్యి.”

“అర.”

“ఒక్కోదాన్నీ మళ్లీ రెండు చెయ్యి.”

“పావు.”

అలా చించుతూ పోతే పదహారు ముక్కలయ్యాయి.

“ఇప్పుడు సగం రొట్టెకి ఎన్ని ముక్కలు?”

“ఎనిమిది.”

“అంటే 8/16. పైనా కిందా రెండుతో కొట్టెయ్.”

“4/8.”

“ఇంకా కొట్టెయ్.”

“2/4. ఇంకా కొడితే... 1/2.” ఆంజి కళ్లు పెద్దవయ్యాయి. “ఎనిమిది పదహార్లన్నా, అరన్నా ఒకటే సార్.”

“మరి ఏడు పదహార్లో?”

ఆంజి ఎనిమిది ముక్కల్లోంచి ఒకటి తీసి పక్కన పెట్టాడు. చెయ్యి అక్కడే ఆగిపోయింది. పదహారో వంతును వాళ్ల అవ్వ వీసం అనేది. వీసమెత్తు తేడా లేదంటే అసలు తేడానే లేదని కదా లోకం లెక్క.

“వీసం తక్కువ సార్,” అన్నాడు. “ఆ వీసానికే బాసిత్ పాయె.”

అప్పటిదాకా అది తలరాత అనుకుని గుండె రాయి చేసుకున్నాడు. ఇప్పుడు లెక్క వచ్చింది, లెక్కతోపాటే పాపమూ వచ్చి పడింది. భోరున ఏడ్చాడు.

“ఊరుకోరా. తెలిసింది కదా, అది చాలు,” అన్నాడు ఫోర్‌మన్ వీపు నిమురుతూ. “ఎప్పుడు నేర్చుకున్నావని అడిగితే మాత్రం పనిలో చేరినప్పుడేనని చెప్పు. నిన్న మొన్న నేర్చుకున్నానంటే ఎవడూ నమ్మడు.”

సాయంత్రం ఫోన్లో వెంకటేశ్వరికి అంతా చెప్పాడు.

“ఆ సారు సల్లగుండాల,” అంది ఆమె. “కూడబుట్టినోళ్లు గూడా ఇంత చెయ్యరు. తడబడాకు, బాగా చెప్పు.”

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా దిగుల్లేదనుకుని, బాసిత్ పోయాక మొదటిసారి ఆంజి కాస్త నిద్రపోయాడు.

మర్నాడు క్యాబిన్‌లో అధికారి, ఆయన పక్కన మాటలు తర్జుమా చేసే హైదరాబాదీ అబ్దుల్ ఖుద్దూస్ కూర్చున్నారు. ఫోర్‌మన్ గుమ్మం దగ్గర నిలబడ్డాడు. అధికారి రెండు షాకిళ్లు బల్ల మీద పెట్టాడు.

“ఏది పెద్దదంటున్నడు,” అన్నాడు ఖుద్దూస్.

“ఇది, 1/2 ది.”

“అదెట్ల?”

“అరంటే ఎనిమిది పదహార్లు సార్. రెండోది ఏడే. ఒక వంతు తక్కువ.”

ఖుద్దూస్ ఆ జవాబును అరబ్బీలో చెప్పాడు. అధికారి కనుబొమలు లేచాయి. కాగితం మీద 12/16 అని రాసి చూపించాడు. ఆంజి తడుముకోకుండా కొట్టేసుకుంటూ వచ్చి, “ముప్పావు సార్,” అన్నాడు.

“ఎక్కువ బరువు ఏది ఆపుతది?”

“పెద్దది.”

“ఈ లెక్క నీకు ఎప్పుడు నేర్పిన్రు?”

ఆంజి గుమ్మం వైపు చూశాడు. ఫోర్‌మన్ నెమ్మదిగా తలూపాడు.

“పనిలో చేరినప్పుడే. మా సారే నేర్పించినాడు.”

కుక్కుటేశ్వరరావు గట్టిగా ఊపిరి వదిలాడు. అధికారి చాలాసేపు రాసుకున్నాడు. గట్టెక్కానని ఆంజికి అర్థమైంది. శుక్రవారం వెంకటేశ్వరికి ఈ ముచ్చటంతా చెప్పాలనుకున్నాడు.

అధికారి కలం మూత పెట్టి, ఆంజి కళ్లలోకి చూస్తూ మెల్లగా ఒక మాట అడిగాడు. ఖుద్దూస్ ఆయన్ని అరబ్బీలో ఏదో తిరిగి అడిగాడు. అధికారి మళ్లీ అదే మాట అన్నాక తెలుగులో చెప్పాడు.

“తెలిసే చిన్నది ఏసినవా అంటున్నడు.”