లిస్సీ టీచర్ సంతకం

"ఈ పిల్ల ఎవరు?"

దరఖాస్తు వ్యాసంలో ఒక వాక్యం కింద బొటనవేలంత పెన్సిల్ ముక్కతో గీత గీసి మరీ అడిగింది లిస్సీ టీచర్.

జిష గోడ గడియారం వైపు చూసింది. బెంగళూరులో కౌన్సెలింగ్ సైకాలజీ పీజీకి దరఖాస్తు ఈరోజు ఐదింటికల్లా పంపాలి. అన్నీ సిద్ధం. డిపార్ట్‌మెంట్ హెడ్‌గా టీచర్ ఇచ్చే సిఫార్సు ఉత్తరం మీద సంతకం ఒక్కటే తక్కువ.

"గురువారాలు నేను కౌన్సెలింగ్‌ ప్రాక్టీసుకి వెళ్లే స్కూల్లో పిల్ల, టీచర్. ఎనిమిదో క్లాసు. పేరు చెప్పలేను."

"చెప్పలేవా? అసలు పిల్లే లేదా?"

కొట్టాయంలో ఆ కాలేజీ అంతటికీ తెలుసు, లిస్సీ టీచర్ని నమ్మించడం మాటలు కాదని. పోయినేడు కట్టుకథలు రాసిన ముగ్గురి దరఖాస్తులు చింపి చేతిలో పెట్టింది. పిసినారని కూడా పేరు. కూతురు పారేసిన పెన్సిల్ ముక్కలు ఏరి తెచ్చుకుని రాసుకుంటుంది. బయట ఇంత వాన కురుస్తున్నా ఫ్లాస్కులో టీ ఎవరికీ చుక్క పోయదు. ఇప్పుడూ మూతలో పోసుకుని ఒక్కతే తాగి, యాలక్కాయ నోట్లో వేసుకుంది.

"'వాళ్లమ్మ తాగుతుంది. ఎవరికీ తెలియదు. అందరూ ఆవిడకి దణ్ణాలు పెడతారు. అమ్మ తాగినప్పుడల్లా ఈ పిల్ల పెన్సిళ్లు చెక్కుతూ కూర్చుంటుంది.' అబ్బో! ఏ సీరియల్లో చూశావమ్మా?"

"ఒట్టు టీచర్! కట్టుకథ కాదు!"

"అయితే పేరు చెప్పు. స్కూలుకి ఫోన్ చేసి కనుక్కుంటాను."

"వద్దు టీచర్! ఎవరికీ చెప్పనని మాటిచ్చాను."

"నేను పరాయిదాన్నా?"

"మీక్కూడా చెప్పకూడదు. మొదటిరోజు క్లాసులో మీరే నేర్పారు."

టీచర్ మొహం ఎర్రబడింది. "నాలుగున్నరైంది. పేరు చెప్తే సంతకం. లేదంటే వచ్చే ఏడు చూసుకో."

జిష కళ్లలో నీళ్లు తిరిగాయి. రెండేళ్లుగా ఆ సీటు కోసమే చదువుతోంది. ఒక్క పేరు! చెప్పేస్తే పోలా? కానీ ఆ పిల్ల తన చెయ్యి పట్టుకుని ఏడ్చింది గుర్తొచ్చింది. కాగితాలు తీసుకుని లేచింది.

"సరే టీచర్. వచ్చే ఏడే పంపుతాను."

గుమ్మం దాకా వెళ్లింది.

"ఆగు. ఆ పిల్ల... వాళ్లమ్మని అసహ్యించుకుంటోందా?"

"అదీ చెప్పకూడదు టీచర్."

టీచర్ చెయ్యి చాచింది. "ఇలా తే," అంది చివరికి. సంతకం కాస్త వంకరగా వచ్చింది.

జిషకు పోయిన ప్రాణం లేచొచ్చింది. "పరీక్ష పెట్టారా టీచర్? హడలగొట్టేశారు కదా!"

"ఊఁ. గట్టిదానివే. వెళ్లు, టైమవుతోంది." మళ్లీ వెనక్కి పిలిచింది. "గురువారాలు మానకు. ఆ పిల్ల ఎదురుచూస్తుంది."

జిష వానలోనే పరుగు తీసింది.

లిస్సీ టీచర్ తలుపు గడియ పెట్టింది. చేతిలో పెన్సిల్ ముక్కని చాలాసేపు చూసింది. తర్వాత ఫ్లాస్కు మూత తీసి, మూలనున్న సింకులోకి మొత్తం ఒంపేసింది.

గది నిండా రమ్ము వాసన.