సంతకం పెట్టని బొమ్మ

"దీనిమీద సంతకం లేదేమమ్మా?" అన్నాడు నిపుణుడు.

"లేదు బాబూ. అందుకే మీ దగ్గరికొచ్చా" అంది పెద్దావిడ.

చంకలో చుట్టగా తెచ్చిన కాన్వాసును వేలంశాల బల్లమీద పరిచింది.

అందులో మనిషి లేడు, చెట్టు లేదు, ఇల్లు లేదు. నలుపు మీద ఎరుపు, ఎరుపు మీద నీలం. చూసే ఓపిక లేనివాళ్లు పిచ్చిగీతలంటారు, ఉన్నవాళ్లు నైరూప్య చిత్రమంటారు.

నిపుణుడు భూతద్దం తీశాడు. రంగును కుంచెతో వెయ్యలేదు. గోడకు సిమెంటు పూసే తాపీతో అడ్డంగా లాగారు.

గబుక్కున కాన్వాసు తిరగేసి చూశాడు.

అలా తాపీతో వేసిన చిత్రకారుడు ఒక్కడే. పుస్తకాలన్నీ మహానుభావుడని పొగిడేది ఆయన్నే. కాన్వాసు వెనక పెన్సిలుతో వేసిన తేదీ చూస్తే, ఆ పద్ధతిలో మహానుభావుడు వేసిన మొదటి బొమ్మ కంటే ఇది ఏడాది పాతది. ప్రదర్శనశాలలు కళ్లకద్దుకుంటాయి.

"ఇది మీకెక్కడిది?"

"మా నాన్న గదిలో ఉండేది."

తలెత్తి చూశాడు. ఆ ముక్కు, ఆ గడ్డం పుస్తకాల్లోని ఫొటోల్లో వందసార్లు చూసినవే. మహానుభావుడి కూతురు!

యాభై ఏళ్ల కిందట నిపుణుడి తండ్రి ఆ మహానుభావుడి దగ్గర రంగులు కలిపేవాడు. ఒకరోజు రంగు డబ్బాలు దొంగిలించాడంటూ మెడపట్టి గెంటేశారు. ఆ పేరుతో మళ్లీ ఎక్కడా పని దొరకలేదు. ఊరు మారినా ఆ మాట వెంటే వచ్చింది. రెండేళ్లకే మంచం పట్టి, "నేను దొంగను కాదురా" అంటూనే పోయాడు.

అప్పటికి కొడుక్కి పదేళ్లు. ఆ కడుపుమంట ఇప్పటికీ ఆరలేదు. అసలు ఈ విద్య నేర్చుకున్నదే ఏదో ఒకనాడు ఆ మహానుభావుడు తన చేతికి చిక్కుతాడని.

చిక్కాడు.

"ఈ కాగితం మీద సంతకం పెట్టండమ్మా."

"కళ్లద్దాలు తేలేదు బాబూ. ఏముంది అందులో?"

"మామూలేలెండి."

ఏం మామూలు! నకిలీ అని తేలితే అక్కడికక్కడే కోసేసే హక్కు వేలంశాలదని ఉంది. అతడు వేలు పెట్టి చూపించిన చోటల్లా ఆవిడ సంతకం పెట్టింది.

"ఇంతకీ ఎవరిది బాబూ ఈ బొమ్మ?"

"తాపీతో లాగితే మహానుభావుడైపోతాడా అమ్మా? ఇది ఆయనది కాదు."

"కచ్చితంగానా?"

"నూటికి నూరుపాళ్లు."

"రాసిస్తారా?"

"ముద్ర వేసి మరీ ఇస్తాను."

ఏడుస్తుందనుకున్నాడు. ఆవిడ మొహం వెలిగిపోయింది. ముసలితనం, మతి పోయిందనుకున్నాడు.

కాన్వాసు తీసుకుని లోపలి గదిలోకి వెళ్లాడు. కత్తి అందుకున్నాడు. మంచం మీద తండ్రి గొంతు చెవుల్లో మోగింది. అడ్డంగా ఒక కోత, నిలువుగా ఒక కోత. ఇన్నేళ్లకు కడుపు చల్లబడింది.

ముద్ర వేసిన కాగితంతో పాటు నాలుగు ముక్కలూ తెచ్చి ఆవిడ ముందు పడేశాడు.

"అయ్యో! ఎంత పని చేశావయ్యా!"

"నకిలీ సరుకు మా గుమ్మం దాటదు. మీరే ఒప్పుకున్నారుగా?" నవ్వాడు. "ఆయనది కాని బొమ్మకి ఇంత ఏడుపెందుకు?"

"ఆయనది కాదని నాకు తెలుసయ్యా! నా కళ్లముందే వేశాడు, మా ఇంట్లో రంగులు కలిపే ఆయన. వయసులో ఉన్నప్పుడు తాపీ పని చేసేవాడట. మా నాన్న అది చూసి ఓర్వలేకపోయాడు. దొంగ అని గెంటేసి, బొమ్మ ఉంచేసుకున్నాడు. బతికినన్నాళ్లూ తన బొమ్మలన్నీ దీన్ని చూసే వేశాడు. దీనిమీద సంతకం పెట్టడానికి మాత్రం చెయ్యి రాలేదు."

నిపుణుడి నవ్వు ఆగిపోయింది.

"మరి... ముందే చెప్పలేదేం?"

"చెబితే కూతురి చాదస్తం అంటారు. ఏమీ చెప్పకుండా అడిగితేనే నిజం రాస్తారనుకున్నా."

"ఆ కాగితం... ఎందుకు మీకు?" అడిగాడు.

ఆవిడ ముక్కల్ని పక్కపక్కన చేర్చి, చేత్తో నిమురుతూ అంది.

"దాన్ని నలుగురికీ చూపించి, దొంగ ఆయన కాదు మా నాన్నే అని చెప్పి, ఈ బొమ్మని ఆయన కొడుకు చేతిలో పెడదామని ముప్పై ఏళ్లుగా ఆ అబ్బాయి కోసం వెతుకుతున్నానయ్యా."