తొండి ఆట

డాక్టరు గదిలోంచి వచ్చిన అక్క, తమ్ముడి మంచం పక్కకి స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఏమన్నాడక్కా?"

"తగ్గిపోతుందన్నాడు. ఆడదాం పట్టు. చివర 'షన్' వచ్చే ఇంగ్లిషు మాటలు. చెప్పిందే చెప్తే ఓడినట్టే. స్టేషన్!"

"రేషన్," అన్నాడు తమ్ముడు.

"లోషన్."

"ఎలక్షన్."

"ఆక్షన్."

తమ్ముడు కాసేపు ఫ్యాన్ వైపు చూసి, "స్టేషన్" అన్నాడు.

అది అక్క మొదట చెప్పిన మాటే. చిన్నప్పుడైతే, అతనికి ఒళ్ళు కాలిపోయే జ్వరమున్నా సరే, "తొండి!" అంటూ ఇల్లు పీకి పందిరేసేది.

ఇప్పుడు దుప్పటి సర్దింది. "భలే చెప్పావురా! నాకు తట్టనే లేదు. ఇంకోటి చెప్పు."

తమ్ముడు ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"కావాలనే తొండి చేశానక్కా. నువ్వు పట్టుకోలేదు. డాక్టరు ఏమన్నాడో ఇక చెప్పక్కర్లేదులే."