మొయినుద్దీన్ పేరు మీద నీళ్ళు

పక్కింటి రమణమ్మ నోటి దాకా తెచ్చుకున్న గ్లాసును ఎవడో చేత్తో కొట్టేశాడు.

గ్లాసు రోడ్డు మీద దొర్లింది. నీళ్ళు దుమ్ములో ఇంకిపోయాయి.

"తాగద్దుమా. ఈ నీళ్ళు తాగద్దు," అన్నాడు ఆ మనిషి.

ఎనభై మూడో సంవత్సరం ఎండాకాలం. పుంగనూరు బస్టాండు పక్క వీధి. గడపలో కూర్చుని ఇదంతా చూస్తున్న బషీరాకు ఒళ్ళు మండింది.

ఆమె ఆ నీళ్ళు ఊరికే పెట్టలేదు. కిందటేడు ఆమె భర్త మొయినుద్దీన్ ఈ రోడ్డు మీదే వడదెబ్బకు పడిపోయి, నీళ్ళు నీళ్ళు అంటూ ప్రాణం వదిలాడు. చుక్క పోసిన పుణ్యాత్ముడు లేడు. ఆయన పేరు మీద దారిన పోయేవాళ్ళ దాహం తీరిస్తే, అక్కడ ఆయన దాహమూ తీరుతుందని బషీరా నమ్మకం.

అందుకే పాత సామాన్ల గుజిరీలో గట్టి డ్రమ్ము చూసి తెచ్చింది. చింతపండు, బూడిద వేసి చేతులు నొప్పి పుట్టేలా తోమింది. ఊదు పొగ పట్టింది. నీళ్ళు నింపి, వట్టివేళ్ళు వేసి ఇంటి ముందర పెట్టింది. ఆ చల్లదనానికి వీధి వీధంతా అక్కడికే వచ్చేది.

"యాల అప్పా తాగద్దు?" అంటూ బషీరా బయటికొచ్చింది.

దగ్గరగా చూస్తే భయమేసింది. ఎముకల గూడు. పెదాలు పుండ్లు పడి ఉన్నాయి. వేళ్ళకు గోళ్ళు లేవు. గొంతులోంచి మాటకంటే గాలే ఎక్కువ వస్తోంది.

"ఇసం తల్లీ. ఆ డ్రమ్ము తీసెయ్..." తర్వాతి మాటలు దగ్గులో కలిసిపోయాయి.

"మా చేతి నీళ్ళు ఇసమా? సాయిబులింటి నీళ్ళు తాగద్దని సూటిగా సెప్పరాదా!"

అతను కాదన్నట్టు తల అడ్డంగా ఊపాడు. వినేదెవరు?

రమణమ్మ ఊరుకునే రకం కాదు. "ఇన్ని దినాలుగా తాగతాండా, నాకేమైంది? సూడు!" అని డ్రమ్ములోంచి గ్లాసు ముంచి, అతని ఎదుటే గటగటా తాగేసింది.

అతను రెండు చేతులతో మొహం కప్పుకుని ఏడ్చాడు. మగవాడు అలా ఏడవడం బషీరా ఎప్పుడూ చూడలేదు.

ఆ సాయంత్రం దాకా ఎదురుగా సైకిల్ షాపు అరుగు మీద కూర్చుని డ్రమ్మునే చూశాడు. డ్రమ్ము కింద బషీరా పెట్టిన పుదీనా, నీళ్ళు కారిన మేరకు మాడిపోయి ఉంది. పిచ్చుకలు అంచు మీద వాలి, వంగి చూసి, ఎగిరిపోతున్నాయి. అక్కడ చీమ కూడా లేదు. ఎండలకు అంతేలే అని సర్దిచెప్పుకుంది బషీరా.

లోపల అత్త గుల్జార్ బీ నోరంతా పూసి గంజి కూడా మింగలేకపోతోంది.

"వేడి చేసిందే బేటీ. ఇంకో గ్లాసు ఆ సల్లటి నీళ్ళు ఇయ్యి," అంది.

బషీరా ముంచి ఇచ్చింది.

మర్నాడు పొద్దున్నే పెద్ద చప్పుడు. బషీరా పరుగెత్తుకొచ్చింది. ఆ మనిషి ఎక్కణ్ణుంచో గడ్డపార తెచ్చి డ్రమ్ము అడుగున బొక్క పొడిచాడు. నీళ్ళు బుడబుడమంటూ మోరీలోకి పోతున్నాయి.

మరిది అలావుద్దీన్, అతని వెనక నలుగురు, వచ్చిన వాళ్ళు వచ్చినట్టే మీద పడ్డారు. ఆ మనిషి చెయ్యి ఎత్తలేదు. దెబ్బలు తింటూనే డ్రమ్ము ఖాళీ అయ్యేదాకా దాని వంకే చూశాడు. ఆ తర్వాతే లేచాడు.

బషీరా అతని మీద మట్టి ఎత్తి పోసింది.

"నా మొగుడి గొంతు ఎండగొట్టినావు కదరా! నీకూ చుక్క నీళ్ళు గొంతు దిగకుండా పోవాల!"

అతను వెనక్కి తిరిగి ఆమెకు దణ్ణం పెట్టాడు. తూలుకుంటూ వెళ్ళిపోయాడు.

బషీరా డ్రమ్ము స్థానంలో కుండలు పెట్టింది.

ఆ వారంలోనే గుల్జార్ బీకి ఆయాసం మొదలైంది. రమణమ్మకు వాంతులు. ఇద్దరినీ మదనపల్లె మిషన్ ఆస్పత్రికి తీసుకుపోయారు.

నర్సు ఎలిజబెత్ ముసలమ్మ నోరు తెరిపించి చూసి, నొసలు ముడిచింది.

"యాడి నీళ్ళు తాగతాండారు?"

"ఇంటి ముందర డ్రమ్ములోవి."

"గుజిరీలో తెచ్చిన డ్రమ్మా? అయ్యో! కాఫీ తోటల్లో గడ్డి సంపే మందు వచ్చిన డ్రమ్ములమ్మా అవి. ఎంత తోమినా పోదు. అడుగున గడ్డకట్టిన మందు దినామూ కొంచెం కొంచెం కరగతా ఉంటాది. ఇంకా అదే తాగతాండారా?"

"లేదమ్మా. ఒకాయన పగలగొట్టేసినాడు."

"ఆయన పగలగొట్టబట్టి మీ వీధి మిగిలింది. ఇద్దరినీ మా చేతనైనంత సూస్తాం. బక్కగా, మాట రాకుండా ఉండాడా ఆయన?"

బషీరా తలూపింది.

"తిమ్మప్ప. మా వార్డు మనిషే. పడుకోమంటే ఇనడు. ఆ మందు డ్రమ్ములు ఏయే ఊర్ల గుజిరీలకు పోయినాయో ఎతుక్కుంటా పారిపోతాడు. మొన్న ఒళ్ళంతా దెబ్బలతో వచ్చినాడు. నిన్న పోయినాడు తల్లీ. కడాన చుక్క నీళ్ళు కూడా గొంతు దిగలా."

బషీరా గోడ పట్టుకుంది. తన శాపమే తగిలిందనుకుంది.

"మా కోసం ఆయన యాల తిరిగినాడమ్మా? ఎవురాయన?"

ఎలిజబెత్ ముసలమ్మ మీద దుప్పటి సరిచేసింది.

"పోయిన ఎండాకాలం కుప్పం పక్క గుడుపల్లెలో, సచ్చిపోయిన పెండ్లాం పేరు మీద అట్లాంటి డ్రమ్ములోనే ఊరందరికీ నీళ్ళు పెట్టినాడమ్మా, మొదటి గ్లాసు తన కూతురికే ఇచ్చినాడంట."