అయిదుకి అయిదూ తప్పే

"అయిదుకి అయిదూ తప్పేనా! ఎలా సాధ్యమండీ ఇది?" విభ ఎర్ర పెన్ను మూత కూడా పెట్టకుండా నిర్భయ్ వైపు తిరిగింది.

పాట్నాలో గంగ ఒడ్డు మెట్ల మీద ప్రతి ఆదివారం పొద్దున్నే జరిగే ఉద్యోగాల మాదిరి పరీక్ష అప్పుడే ముగిసింది. వందలమంది పక్కవాళ్ళతో కాగితాలు మార్చుకుని దిద్దుకుంటున్నారు. అక్కడ ఒకటే కట్టుబాటు: దిద్దినవాళ్ళు తప్పులన్నీ విడమరిచి చెప్పాకే కాగితం తిరిగివ్వాలి. ఆ కట్టుబాటు పుణ్యమా అని ఏడాదిన్నరగా ప్రతి ఆదివారం నిర్భయ్ ఆమె పక్కన గంటసేపు కూర్చుంటున్నాడు.

ఇది ఆఖరి ఆదివారం. విభకు బ్యాంకు ఉద్యోగం వచ్చింది. సాయంత్రమే రాయ్‌పూర్ రైలు.

"ఇంగ్లీషులో కర్తకు తగిన క్రియ పెట్టడమే కదా! ఇచ్చిన నాలుగు జవాబుల్లో కళ్ళు మూసుకుని ఏదో ఒకటి గీసినా నాలుగుసార్లకి ఒకసారి తగలాలి. మీకు ఇన్నాళ్ళలో ఒక్కటీ తగల్లేదు."

"నా జాతకం అంతే, విభాజీ. చెప్పండి, వింటాను."

ప్రతి వారం ఇదే మాట. ఈ ఒక్కరోజైనా ‘వెళ్ళకండి’ అనో, ‘వెళ్ళినా మర్చిపోకండి’ అనో అనకూడదూ ఈ మొద్దు! ఆ ఒక్క మాట అంటే చాలు, నాన్నతో తనే మాట్లాడుకునేది. విభ గొంతు సవరించుకుంది.

"చూడండి. మామిడిపళ్ళ పెట్టె అంటే కర్త పెట్టె, పళ్ళు కాదు. మధ్యలో ఎన్ని మాటలు దూరినా కర్తా క్రియా ఒకదాన్నొకటి వదలవు." ఆగి, మెల్లగా అంది, "ఎంత దూరమైనా సరే."

నిర్భయ్ ఆమె వైపు ఒక్క క్షణం చూసి తల దించుకున్నాడు. "రాసుకుంటానండీ."

రాసుకుంటాడట! విభకు ఏడుపొచ్చింది. పాఠం కోసం వచ్చేవాడి మీద ప్రాణం పెట్టుకోవడం తనదే బుద్ధితక్కువ.

"అసలైన ఉద్యోగ పరీక్షలో మీకు ఎన్ని మార్కులొచ్చాయో ఎన్నిసార్లడిగినా చెప్పలేదు. ఇప్పుడైనా చెప్పండి."

"చెబితే మీరు నా పక్కన కూర్చోరు."

"అంత పరువు తక్కువా? నేనేం నవ్వనులెండి."

అతను తన ఫైలు ఆమె ఒళ్ళో పెట్టి లేచాడు.

"మార్కుల కాగితం పైనే ఉంది. నేను టీ తెచ్చేలోగా చూసెయ్యండి. నా ఎదురుగా మాత్రం వద్దు."

వెనక్కి చూడకుండా మెట్లెక్కి వెళ్ళిపోయాడు. పాపం, ఎంత సిగ్గుపడుతున్నాడో అనుకుంటూ విభ ఫైలు తెరిచింది. కాగితం మీద తేదీ మూడేళ్ళ కిందటిది, వాళ్ళిద్దరికీ పరిచయమే లేని నాటిది. లెక్కల్లో ఘోరంగా పోయాడు. ఆమె వేలు కింది వరుసకు జారింది.

ఇంగ్లీషులో యాభైకి యాభై.